ఉత్తుత్తి కరెంటు

నేను రేడియోలు, టీవీలు, మిక్సీలు బాగుచేసే మనిషిని. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే పని. నా కుడిచేతి చూపుడువేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చలు ఏడున్నాయి, ఎడమచేతివి ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కరెంటు పని నేర్చుకోవాలంటే చెయ్యి కాలాలి, షాక్ కొట్టాలి, కనీసం ఒక టీవీనైనా తగలబెట్టి దాని ఓనరు చేత నానా మాటలూ పడాలి అని నా గట్టి నమ్మకం. పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అలాంటి నా ఎదురుగా నిలబడి, జన్మలో ఒక్క వైరు తొక్క ఒలవని మనిషి ఫోనులో చూసి నేర్చుకున్నానంటే నాకు ఒళ్ళు మండదా? మండింది. ఆ మంట ఎలా చల్లారిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ మనిషి మా అక్క కోడలు. వరసకు నాకు కూతురవుతుంది, నన్ను బాబాయ్ అంటుంది. వయసు నలభై రెండు. తొమ్మిదంతస్తుల ఆఫీసు బిల్డింగులో లిఫ్టు ఆపరేటరు. అక్కడ గుమాస్తా నుంచి పెద్ద ఆఫీసరు దాకా అందరూ ఆమెను లిఫ్టమ్మ అనే పిలుస్తారు. ఒక మూల చిన్న స్టూలు, పక్కన మీటల పలక, తల మీద గరగరలాడే ఫ్యాను. పదిహేడేళ్ళుగా ఎవరు ఏ అంతస్తులో దిగాలో వాళ్ళు చెప్పకముందే నొక్కేస్తుంది. చదివింది పదో తరగతి. మాట తక్కువ. మా అక్కలాంటి నోరున్న అత్తగారి దగ్గర అదీ ఒకందుకు మంచిదే అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కింద ఆ లిఫ్టు పాడైంది. మెకానిక్ వచ్చి పైన మోటారు గదిలో పెట్టె విప్పాడు. మిగతావాళ్ళంతా మెట్లెక్కి తిట్టుకుంటూ పోతే ఈ అమ్మాయి అతని వెనకే నిలబడిందట. పదిహేనేళ్ళుగా తను నొక్కుతున్న మీటల వైర్లన్నీ పోయి పోయి ఒక చిన్న నల్లటి చిప్పులోకి దూరుతున్నాయి. "ఇదేంటన్నా?" అని అడిగింది. "మైక్రోకంట్రోలరమ్మా. లిఫ్టుకు బుర్ర ఇదే. మీరు మీట నొక్కుతారంతే, ఎక్కడ ఆగాలో ఇది చూసుకుంటుంది" అన్నాడు అతను.

ఆ మాట ఆమెకు గుచ్చుకుందట. నాతో తర్వాత చెప్పింది. "ఇన్నేళ్ళూ లిఫ్టు నడిపేది నేనే అనుకున్నా బాబాయ్. నాకు తెలియకుండా ఇంకెవరో నడుపుతున్నారని అప్పుడు తెలిసింది. వాళ్ళెవరో చూడాలనిపించింది."

మెకానిక్ మంచివాడు. ఆమె ఫోను తీసుకుని బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి ఇచ్చాడు. సిమ్యులేటర్ అంటారు దాన్ని. తెర మీద అలాంటి చిప్పున్న బోర్డుంటుంది, బల్బులుంటాయి, మోటార్లుంటాయి, అన్నీ బొమ్మలే. వేలితో లాగి వైర్లు కలుపుకోవచ్చు. పక్కన ప్రోగ్రాం రాసి రన్ నొక్కితే బొమ్మ బల్బు నిజంగా వెలిగినట్టే వెలుగుతుంది. "ఇందులో ఎన్ని కాల్చినా పొగ రాదమ్మా, భయపడకండి" అని చెప్పి అతను తన దారిన తను పోయాడు. ఆమె మాత్రం అక్కడే ఉండిపోయింది.

మొదట ఒక ఎర్ర బల్బును సెకనుకోసారి వెలిగేలా చేసిందట. దానికి నాలుగు రోజులు పట్టింది. "నేను చెప్పింది చెప్పినట్టు వినే వస్తువును బతుకులో అదే మొదటిసారి చూడటం" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు. పొద్దున లేస్తే మొగుడు చెప్పాలి, అత్త చెప్పాలి, లిఫ్టెక్కిన ప్రతివాడూ "ఆరు", "మూడు", "కింద" అని చెప్పాలి. ఎదురు తను ఎవరికి చెప్పింది గనుక?

ఆమె నేర్చుకున్న పద్ధతి వింటే మీరూ నమ్మరు. లిఫ్టు ఇనప పెట్టె. తలుపు మూసుకుంటే సిగ్నల్ చచ్చిపోతుంది. ప్రోగ్రాం రాసుకోవడానికి సిగ్నల్ అక్కర్లేదు, రన్ చెయ్యాలంటే కావాలి. అందుకని మూసిన తలుపుల మధ్య రాసేది, ఏదో ఒక అంతస్తులో తలుపు తెరుచుకోగానే రన్ నొక్కేది. జనం దిగి ఎక్కేలోపు ఫలితం రావాలి. ఆరో అంతస్తులో తప్పని తేలితే కిందికి దిగేలోపు ఆ తప్పెక్కడుందో కళ్ళు మూసుకుని వెతుక్కునేది. అలా రెండేళ్ళు. కొన్నాళ్ళకు ఎక్కే గుమాస్తాలకూ అలవాటైంది. "వెలిగిందా లిఫ్టమ్మా?" అని తలుపుకు చెయ్యడ్డం పెట్టి నిలబడేవాళ్ళట.

నేనొకసారి పనుండి ఆ బిల్డింగుకు వెళ్ళాను. ఫోనులో మునిగిపోయి ఉంది. రంగురంగుల బొమ్మలు కనిపించాయి. నా నోరు ఊరుకుంటుందా? "డ్యూటీలో ఆటలాడుకుంటున్నావా అమ్మాయ్, చూసేవాళ్ళు నవ్విపోతారు" అన్నాను, నలుగురున్న చోట. ఆమె ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని "ఏ ఫ్లోర్ బాబాయ్?" అంది. అంతే అంది. అప్పటికి ఆమె ఆ తెర మీద తొమ్మిదంతస్తుల లిఫ్టు మొత్తం కట్టేసిందని, ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ముందు ఎవరి దగ్గరకు పోవాలో దానికి నేర్పుతోందని నాకేం తెలుసు?

ఇక మా అక్క సంగతికి వస్తాను. అక్కకు డెబ్భై ఒకటి. బావ చిన్నవయసులోనే పోతే, ఇంట్లో వంట చేసి ఆఫీసులకు క్యారియర్లు పంపి కొడుకును పెంచింది. రోజుకు నలభై క్యారియర్లు, ముప్ఫై ఏళ్ళు. ఉప్పెక్కువైందని గానీ అన్నం పలుకైందని గానీ ఒక్కడు అనలేదు. కొడుకు బస్సు డ్రైవరయ్యాక క్యారియర్లు మానింది కానీ వంటగది మానలేదు. కోడలు ఉద్యోగానికి పోతుంటే ఇంట్లో పొయ్యి మీద పెత్తనమంతా ఆమెదే.

ఏడాదిగా ఆమెకు మరుపు మొదలైంది. ముందు మాటలు పోయాయి, గరిటె తెమ్మనబోయి "అదీ, అదీ" అనేది. తర్వాత పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోవడం. రెండు గిన్నెలు మాడి బొగ్గయ్యాయి. మూడోసారి పొయ్యి పక్కన మసిగుడ్డ అంటుకుంది. ఎదురింటావిడ పొగ చూసి పరిగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. అక్క అప్పుడు హాల్లో కూర్చుని దువ్వెన వెతుక్కుంటోంది.

ఆ ఆదివారం నన్ను పిలిచారు. మా మేనల్లుడికి భయం కోపంగా మారే గుణం ఉంది, ఆ గుణం మా వైపు నుంచే వచ్చింది. "చాలు మావయ్యా. పొయ్యి తీసేస్తా. పొద్దున నేను వండి పెట్టి పోతా, లేదంటే బయట నుంచి తెప్పిస్తా. బస్సు నడుపుతున్నంతసేపూ ఇల్లే కళ్ళ ముందు తిరుగుతోంది" అన్నాడు. నేనూ వాణ్ణే సమర్థించాను. మిగతా మార్గాలు అప్పటికే చూశాం. కరెంటు పొయ్యి తెస్తే మంట కనిపించలేదని దాని మీద అరచెయ్యి పెట్టబోయింది. నిర్ణీత సమయానికి గ్యాస్ ఆపేసే టైమరు నేనే బిగించాను. ఎదురుగా నిలబడి కూర కలుపుతుంటే మధ్యలో ఆరిపోయింది. రెండుసార్లు ఓర్చుకుని మూడోసారి రోకలితో దాన్ని పగలగొట్టింది.

మేం మాట్లాడుకుంటున్నంతసేపూ అక్క గోడకానుకుని కూర్చుంది. మరుపు మనిషి కదా, అర్థం కాదులే అనుకున్నాం. అన్నీ అయ్యాక అంది: "పొయ్యి తీసుకుపోతే నన్నూ తీసుకుపోండిరా. ఇంట్లో ఇంక నేనెందుకు?"

కోడలే ముందు నోరు విప్పింది. "నెలాఖరు దాకా ఆగండి" అంది మొగుడితో. "ఆగితే ఏమవుతుంది?" అన్నాడు వాడు. "ఏమీ కాకపోతే అప్పుడే తీసేద్దురు గానీ" అంది. వాడు నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. సరే, ముప్ఫయ్యో తారీకు అన్నాడు. ఆ పొయ్యిని తనతో పనిచేసే కండక్టరుకు ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

ఆ నెలంతా పొద్దున పోయేటప్పుడు సిలిండరు మీది రెగ్యులేటరు తీసి అటక మీద దాచి పోయేవాళ్ళు. అక్క పగలంతా వంటగదిలో మూతలు తీసి మూతలు పెడుతూ ఉండేది. నేను మధ్యాహ్నం తోడు కూర్చుందామని వెళితే, "గ్యాసైపోయిందిరా, బండివాడు ఇంకా రాలేదు" అని నాకు సంజాయిషీ చెప్పేది. రోజూ అదే మాట. రోజూ కొత్తగా చెప్పేది. నేను తల వంచుకుని "వస్తాళ్ళే అక్కా" అనేవాణ్ణి. నాకు అబద్ధమాడటం తేలికే కానీ ఆ అబద్ధం మాత్రం ఆమె మొహం చూస్తూ ఆడటం నా వల్ల కాలేదు.

పదకొండో తారీకున కోడలు నా షాపుకు వచ్చింది. చేతిలో నోటుబుక్కు. అందులో చేత్తో గీసిన బొమ్మ, పక్కన సామాను జాబితా. ఒక బోర్డు, ఒక మోటారు, వేడి తెలుసుకునే సెన్సరు, మనిషి కదలిక పసిగట్టే సెన్సరు, ఒక బజ్జరు, చిన్న స్విచ్చి, రెండు ఎల్ఈడీ బల్బులు.

"ఎవరు గీసిచ్చారు?" అన్నాను.

"నేనే బాబాయ్. గ్యాస్ పైపుకు మధ్యలో ఒక కవాటం పెడదాం. పొయ్యి వేడిగా ఉండి, వంటగదిలో అయిదు నిమిషాలు మనిషి కదలిక లేకపోతే బజ్జరు మోగాలి. ఇంకో నిమిషానికీ ఎవరూ రాకపోతే మోటారు కవాటాన్ని మూసెయ్యాలి. అత్తయ్య అక్కడే ఉంటే మాత్రం రోజంతా వెలిగినా ఆగకూడదు."

"ఎక్కడ నేర్చుకున్నావిదంతా?"

అప్పుడు చెప్పింది, పైన నేను రాసిందంతా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే ఇప్పటిదాకా నువ్వు ఒక్క నిజం వైరు ముట్టుకోలేదన్నమాట. ఉత్తుత్తి కరెంటు, ఉత్తుత్తి బల్బు. దాన్ని నమ్మి నిజం గ్యాసుకు పెడతావా? అది మా అక్క ఇల్లమ్మాయ్, నీ ఆటబొమ్మ కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "అందుకే మీ దగ్గరికొచ్చా. ఏం తప్పులున్నాయో అడగండి" అంది.

ఇంక నేను ఊరుకుంటానా? "మోటారు మూసేసింది. మీ అత్త పొయ్యి మీట తిప్పకుండా అలాగే వదిలేసింది. తర్వాత నువ్వు కవాటం తెరిచావు. మంట లేదు, మీట తెరిచే ఉంది. ఇల్లంతా గ్యాస్. అప్పుడో?" అన్నాను.

"ఆ చిన్న స్విచ్చి అందుకే. మీట వెనక పెడతా. మీట పూర్తిగా మూస్తేగాని కవాటం తెరుచుకోదు. మూసేదాకా బజ్జరు సన్నగా మోగుతూనే ఉంటుంది."

"కరెంటు పోతే?"

"చిన్న బ్యాటరీ ఉంటుంది. పోగానే ముందు మూసేసి తర్వాత నిద్రపోతుంది."

"సెన్సరు పాడైపోతే?"

"ఏ సెన్సరు జవాబు చెప్పకపోయినా మూసేస్తుంది. అనుమానం వస్తే మూసెయ్యమనే రాశాను బాబాయ్, తెరవమని మాత్రం ఒక్క చోటే రాశాను."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. నా షాపుకు డిప్లొమాలు చదివినవాళ్ళు వచ్చారు, పని నేర్చుకుని పోయారు. చెడిపోయినప్పుడు ఏమవుతుందని ముందే ఆలోచించి వచ్చినవాడు వాళ్ళలో ఒక్కడు లేడు. అయినా బెట్టు చేశాను. అరలో నుంచి సామాను తీసి బల్ల మీద పోసి, "కలుపు చూద్దాం" అన్నాను.

ఆమె ఒక ఎల్ఈడీని అరచేతిలో వేసుకుంది. చాలాసేపు చూసింది. "ఇంత చిన్నదా?" అంది. ఫోనులో వేళ్ళతో పెద్దది చేసి చూసి చూసి, అది బొటనవేలంత ఉంటుందనుకుందట. బోర్డును పట్టుకుని బరువు చూసింది, మోటారును చెవి దగ్గర తిప్పింది. ఫోటోలో మాత్రమే చూసిన మనవణ్ణి మొదటిసారి ఎత్తుకున్న ముసలమ్మలు ఎలా చూస్తారో అలా చూసింది. తర్వాత ఎల్ఈడీని అటూ ఇటూ తిప్పి మొహం చిన్నబుచ్చుకుంది.

"బాబాయ్, ఇది చెడిపోయింది. వంకర కాలు లేదు."

నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. సిమ్యులేటర్లో బొమ్మ ఎల్ఈడీకి ఒక కాలు తిన్నగా, ఒక కాలు వంకరగా గీస్తారట. వంకరది పాజిటివ్. నిజం దానికి రెండు కాళ్ళూ తిన్నగానే ఉంటాయి, పొడుగుది పాజిటివ్. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎల్ఈడీకి వంకర కాలు వెతికిన మనిషిని నేను చూడలేదు. పడీ పడీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. "మరి పొడుగు కాలని ముందే చెప్పొచ్చు కదా ఆ బొమ్మలు గీసినవాళ్ళు" అంది.

ఆ ఒక్కటి తెలుసుకున్నాక మాత్రం నా నవ్వు ఆగిపోయింది. చేతులు కదిలిన తీరు చెప్తాను. వైర్లు గుచ్చే తెల్లపలకకు సన్నని చిల్లులుంటాయి, వరసకు ఒక నంబరు. నేనైతే కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి లెక్కపెడతాను. ఆమె "పదిహేడు, ఇరవై రెండు, ఇరవై మూడు" అని నోట్లో అనుకుంటూ, నోటుబుక్కు తెరవకుండా, ఎర్రవి పాజిటివ్‌కు, నల్లవి నెగెటివ్‌కు, ఆకుపచ్చవి సిగ్నల్‌కు గుచ్చుకుంటూ పోయింది. ఒక్క తప్పు లేదు. ముప్పావుగంటలో అయిపోయింది. ఆ చేతులు పనికి కొత్త కానే కాదు, వస్తువులకే కొత్త.

కంప్యూటర్ నుంచి ప్రోగ్రాం ఎక్కించాం. ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. నిజం వెలుతురు ఆమె మొహం మీద పడింది. కళ్ళు తుడుచుకుంటే నేను చూడనట్టు డ్రాయరులో స్క్రూలు సర్దాను.

అసలు తంటా వారం తర్వాత వచ్చింది. ప్లంబరు చేత ఒక ఖాళీ పైపుకు కవాటం బిగించి తెచ్చి, దానికి మోటారు తగిలించి నా బల్ల మీద పరీక్ష పెట్టాం. గ్యాస్ లేదు, పక్కన సోల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చూపించాం, కదలిక సెన్సరుకు గుడ్డ కప్పాం. బజ్జరు మోగింది. మోటారు కదిలింది. కవాటం సగం మూసుకుంది. అంతలో బోర్డు మీది లైట్లన్నీ చప్పున ఆరి మళ్ళీ వెలిగాయి, మోటారు వెనక్కి తిరిగి కవాటాన్ని పూర్తిగా తెరిచేసింది. మళ్ళీ చూశాం. మళ్ళీ అంతే. మూయబోయిన ప్రతిసారీ అది బోర్లా పడి లేచి కవాటాన్ని బార్లా తీస్తోంది.

ఆమె కరెంటు తీసేసింది. "తెర మీద ఎన్ని వందలసార్లు మూసుకుందో బాబాయ్. ఒక్కసారీ తప్పలేదు" అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇదే ఇంట్లో జరిగుంటే" అంది. వైర్లు పీకబోయింది. "మీరన్నది నిజం. ఇది ఆటబొమ్మే. ఆయన్ని పొయ్యి తీసెయ్యనివ్వండి."

నిజం చెప్పొద్దూ, ఒక పక్షం కిందటైతే నేను సంతోషించేవాణ్ణి. ఇప్పుడు కోపమొచ్చింది. "చెయ్యి తియ్యి" అన్నాను. "ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇక్కడ నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేదు. బొమ్మ మోటారుకు ఆకలుండదమ్మాయ్. నిజం మోటారు కదలబోయేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. నువ్వు దానికి బోర్డు నుంచే ఇచ్చావు. బోర్డు నోటి దగ్గర కూడు అది లాక్కుంటోంది, పాపం బోర్డు సొమ్మసిల్లి పడిపోతోంది. మోటారుకు వేరే కరెంటు పెట్టు, రెండింటికీ గొడవే ఉండదు."

ఆమె మోటారు వైర్లను బోర్డు నుంచి విడదీసింది. "వేరే పెడితే రెండు నెగెటివ్‌లూ మాత్రం కలపాలి కదా బాబాయ్? లేకపోతే బోర్డు పంపిన సిగ్నల్‌ను మోటారు దేనితో పోల్చుకుంటుంది?" అంది.

ఆ మాట నాకు ఒంటబట్టడానికి మా గురువు దగ్గర మూడేళ్ళు, రెండు చెంపదెబ్బలు పట్టాయి. ఈమెకు చెప్పకుండానే తట్టింది. కలపాలన్నట్టు తల ఊపాను.

"ఇంకోటి" అంది. "నేను కవాటం తెరవమని రాసిన ఆ ఒక్క చోటూ మొదటి లైనే. బొమ్మ ఎప్పుడూ సొమ్మసిల్లదు కాబట్టి నాకు తట్టలేదు. సొమ్మసిల్లి లేచిన మనిషికి ముందు తానెక్కడున్నాడో తెలియాలి కదా. లేవగానే మూయాలి, అన్నీ చూసుకున్నాకే తెరవాలి." అప్పటికప్పుడు ఆ లైను మార్చింది. పరీక్ష కోసం నిమిషాలను సెకన్లకు తగ్గించి ఆ రోజు నూటపదిసార్లు మూయించాం. నేను లెక్క రాశాను, ఆమె ప్రతిసారీ చిన్న స్విచ్చి నొక్కి మళ్ళీ తెరిపించింది. నూటపదిసార్లూ మూసుకుంది. సోల్డరింగ్ కూడా తనే చేసింది. వేలు కాల్చుకుంటే "ఇప్పుడు సరిపోయిందా బాబాయ్?" అని నాకే చూపించింది.

ఇంట్లో బిగించేసరికి ముప్ఫయ్యో తారీకే వచ్చింది. మేనల్లుడికి ఆ రోజు సెలవు. కండక్టరు సాయంత్రం అయిదింటికి పొయ్యి కోసం వస్తాడు. ఇప్పుడు మూడున్నర. రెగ్యులేటరు అటక మీంచి దిగింది. అక్క ఎన్నాళ్ళకో మంట చూసింది. "బండివాడొచ్చాడన్నమాట" అంది. నలుగురికీ టీ పెడతానని గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. కప్పులు కడిగి బోర్లించింది. అంతలో బాల్కనీలో ఆరేసిన బట్టలు కనిపించాయి. అటు వెళ్ళింది. ఒక చొక్కా మడిచింది, ఇంకోటి మడిచింది, కుర్చీలో కూర్చుని వీధి చూస్తూ ఉండిపోయింది. టీ సంగతి ఆమె తలలో లేదని మా ముగ్గురికీ తెలిసిపోతోంది.

మేం హాల్లో కూర్చున్నాం. అక్కడి నుంచి మంట కనిపిస్తోంది. సిమ్యులేటర్లో ఆమె నిమిషాన్ని సెకను చేసి చూసుకునేది, ఎదురుచూడలేక. అక్కడ అయిదు సెకన్లు. ఇక్కడ నిజం అయిదు నిమిషాలు. నీళ్ళు మరిగి గిన్నె అంచులు చిటపటలాడాయి. మేనల్లుడు నాలుగో నిమిషంలో లేచాడు. "ఇంక చాలు, నేనాపేస్తా" అన్నాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "మీరు వెళితే సెన్సరు మనిషున్నాడనుకుంటుంది. కూర్చోండి" అంది. పెళ్ళై ఇరవయ్యేళ్ళలో ఆమె అతనికి అలా చెప్పడం నేను చూడలేదు. వాడు కూర్చున్నాడు. ఆమె మణికట్టు వదల్లేదు.

బజ్జరు మోగింది. అక్క అటు తిరగలేదు, వీధిలో ఏదో బండి అనుకుని ఉంటుంది. నిమిషం గడిచింది. మోటారు మూలిగింది. నీలిమంట చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఆరిపోయింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు కరెంటుతో బతికాను. ఆరిన మంటను చూసి చేతులెత్తి దండం పెట్టింది ఆ ఒక్క రోజే.

బజ్జరు ఇప్పుడు సన్నగా, ఆగి ఆగి కూస్తోంది. ఆ కూతకు అక్క లేచింది. మడిచిన బట్టలు చంకలో పెట్టుకుని వంటగదిలోకి నడిచింది. ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు పొయ్యి ముందు నిలబడింది. మీట చూసింది. కుడివైపుకు తిప్పి మూసింది. కూత ఆగిపోయింది. కవాటం తెరుచుకుని ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఆమె మా వైపు తిరిగింది. "ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు ముగ్గురూ? నీళ్ళు మరిగాయి, ఆపాను. నేను మరిచిపోతాననుకున్నారా?" అంది.

కాదే అక్కా, ఆపింది నీ కోడలు, రెండేళ్ళు లిఫ్టులో కూర్చుని ఆపింది, అనే మాట నా నాలుక చివరకొచ్చింది. నేను నోరు మూసుకునే రకం కాదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. కానీ నాకంటే ముందే ఆమె అంది.

"అవునత్తయ్యా. మీరే ఆపారు."

మీట మూసే ఆ చివరి పని అత్తగారి చేతికే మిగిలేలా, ఆ బజ్జరు అలా కూసేలా ఎందుకు రాసిందో నాకు అప్పుడు తెలిసింది. నేను అది గ్యాస్ కోసమే అనుకున్నాను. నాకంత బుద్ధి ఉంటే ముప్ఫై ఎనిమిదేళ్ళు మిక్సీలు బాగుచేస్తూ కూర్చోను.

మేనల్లుడు ఫోను తీసి కండక్టరుకు రావద్దని చెప్పాడు. వంటగది వైపు తిరిగి, "అమ్మా, నాక్కొంచెం చక్కెర ఎక్కువ వెయ్యి" అన్నాడు.